సింబాలిక్ సామాను

రంజిత్ గోడ గడియారం ముళ్ళు పీకేసిన రోజు చంద్రవ్వ బీడీల కార్ఖానాకు గంటన్నర ఆలస్యంగా పోయి, అక్కడి మున్షీ చేత నాలుగు మాటలు పడి వచ్చింది. మామూలుగా అయితే నాలుగు మాటలకు ఎనిమిది అప్పజెప్పే మనిషి. ఆ రోజు తప్పు తన ఇంట్లోనే ఉందని తెలుసు కాబట్టి పళ్ళు బిగబట్టుకుని, ఆ ఎనిమిదీ కొడుకు కోసం భద్రంగా ఇంటికి తెచ్చింది.

"మంచిగ తిరిగే గడియారాన్ని ఎందుకు ఖరాబు జేసినవ్ రా?"

"ఖరాబు జెయ్యలే అవ్వా. సింబాలిక్ జేసిన."

"అంటే?"

"డిప్రెషన్ల ఉన్నోళ్ళకు టైం ఆగిపోయినట్టు ఉంటదట. ముళ్ళు లేని గడియారం చూపెడితే జనానికి సమజైతది."

"జనం సంగతి నాకెందుకు? నాకు టైం సమజైతలేదు. ముళ్ళు ఎక్కడ పెట్టినవ్?"

రంజిత్ జేబులు తడుముకున్నాడు. ముళ్ళు ఎక్కడ పెట్టాడో వాడికీ తెలియదు.

చొప్పదండి చుట్టుపక్కల పెళ్ళికి ముందు వీడియో తీయించుకోవాలంటే రంజిత్‌ను పిలవాల్సిందే. పెళ్ళికొడుకును వరిచేనులో నిలబెట్టి వెనక నుంచి రంగుపొగ వదలడంలో వాడికి పేరుంది. ఒకసారి ఆ పొగకు తేనెటీగలు లేచి, పెళ్ళికూతురి మేనమామ మొహం వాచి, పెళ్ళి ఫొటోల్లో ఆయనను ఎవరూ గుర్తుపట్టలేదన్నది వేరే సంగతి. అయితే ఇప్పటిదాకా తీసినవన్నీ ఎవరి పెళ్ళికో తీసినవి. ఇది మాత్రం అచ్చంగా పాట. మెథడిస్టు చర్చి సందులో ఉండే బ్లెస్సీ రాసి, తనే పాడింది. ఆ పిల్ల నర్సింగు చదువు మధ్యలో ఆపేసి ఇంటికొచ్చి, ఏడు నెలలు గదిలోంచి బయటికి రాలేదని ఊరందరికీ తెలుసు. ఎందుకు రాలేదో మాత్రం ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు. ఇప్పుడు బాగుంది. నర్సింగు మళ్ళీ మొదలుపెట్టింది, పాట రాసింది.

"పొద్దు పొడిసింది ఊరంతకూ, నాకు పొడువకపాయె..." అని మొదలవుతుంది ఆ పాట. పాట అప్పజెప్పేటప్పుడు బ్లెస్సీ ఒకటే మాట చెప్పింది. "అన్నా, అబద్ధం లెక్క ఉండద్దు. నేను ఎట్లుంటినో గట్లనే కనవడాలె. నీతోని గాకపోతే చెప్పు, పాట ఊకనే యూట్యూబ్‌ల పెడతా, వీడియో వద్దు."

"నువ్వు ఫికర్ జెయ్యకు చెల్లె" అని రంజిత్ ఆ రాత్రే కూర్చుని పదిహేడు వస్తువుల పట్టీ రాశాడు. అన్నీ సింబాలిక్ సామానే. ఆ పదిహేడింటిలో పదకొండు చంద్రవ్వ ఇంట్లోవి.

అద్దంతో మొదలైంది. పగిలిన అద్దం కావాలన్నాడు. పగిలిన అద్దంలో మొహం చూసుకుంటే దరిద్రమని చంద్రవ్వ అరుస్తుండగానే పెరట్లోకి తీసుకుపోయి రాయితో కొట్టాడు. అద్దం మూలన ఒక చిన్న పెచ్చు ఊడి, మిగతాదంతా చెక్కుచెదరకుండా నిలబడింది. రోకలి తెచ్చి కొట్టాడు. ఈసారి పొడి పొడి అయ్యింది. సాలెగూడులాగా పగలాలట. అటువంటిది కావాలంటే ఇంకో అద్దం కావాలట. ఇంకో అద్దం ఆమె మొగుడు సాంబయ్య గడ్డం గీసుకునేది. రంజిత్ దాని వైపు చూసేలోపే చంద్రవ్వ దాన్ని బియ్యం డబ్బాలో దాచేసింది. సాంబయ్య గడ్డం గీసుకుని రెండు నెలలైంది. అయినా దాచింది.

నల్ల బుగ్గల కోసం, అంటే బెలూన్ల కోసం, కరీంనగర్ పోయాడు. దుకాణంలో వెండివీ బంగారపువీ గులాబీవీ ఉన్నాయి గానీ నల్లవి లేవు. "నల్లయి ఎవలకు బర్త్‌డేకు?" అని దుకాణపాయన అనుమానంగా చూశాడట. గులాబీ బుగ్గలు తెచ్చి నల్ల రంగు పూశాడు. రంగు ఆరేలోపు ఒకటొకటే పేలిపోయి, బీడీల కోసం చంద్రవ్వ ఆరేసుకున్న తునికాకు మీద నల్ల చుక్కలు పడ్డాయి.

ఆ తరువాత ఎండిన చెట్టు. బోథ్ దగ్గర పత్తిచేను మధ్య ఒంటరిగా మోడు ఒకటి ఉందని ఎవరో ఫొటో పంపితే, బండి మీద తెల్లవారుజామున బయల్దేరి పోయాడు. పోయేసరికి మోడు లేదు. దాన్ని నరికిన రైతు మాత్రం ఉన్నాడు, పొయ్యి కింద అదే కట్టె పెట్టి చాయ్ కాచి పోశాడు. చాయ్ చాలా బాగుందని రంజిత్ ఇంటికొచ్చి చెప్పాడు. వచ్చేటప్పుడు నిర్మల్‌లో ఆగి, చెక్క చిలుకకు నల్లరంగు వేసిస్తారా అని అడిగాడట. ఆ బొమ్మలు చేసే ముసలాయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "బిడ్డా, చిలుకకు నల్లరంగేస్తే అది కాకైతది. కాకి కావాలంటే మీ ఊర్లె లేవా?" అన్నాడట.

ఆ మాట రంజిత్‌కు బాగా నచ్చింది. పద్దెనిమిదో వస్తువుగా కాకిని రాసుకున్నాడు.

ఇల్లు పీకి పందిరేస్తున్నాడని చంద్రవ్వ మొత్తుకుంటూనే ఉంది. ఇదంతా జరుగుతుంటే సాంబయ్య ముందు గదిలో గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు.

ఆ గదిలో పోయిన ఏడాది దాకా రెండు సాంచాలుండేవి. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. ముప్ఫై ఏళ్ళు ఆ సాంచాల మోతలోనే చంద్రవ్వ సంసారం చేసింది. మొగుడితో మాట్లాడాలంటే అరవాలి. అరిచి అరిచి ఆమె గొంతు అట్లాగే కుదురుకుంది. బట్టకు గిరాకీ పోయి, నెలలో సగం రోజులు సాంచాలు ఊరికే నిలబడుతుంటే, అమ్మేద్దామని మొదట అన్నది ఆమే. ఉత్త ఇనుము ఇంట్లో ఎందుకంది. గది ఖాళీ అవుతుందంది. పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి విప్పి బండిలో వేసుకుపోయారు. ఆ ఇనుము పోయిన దారినే, ఆ డబ్బుతోనే, రంజిత్ కెమెరా ఇంట్లోకి వచ్చింది. సాంబయ్య వద్దనలేదు. మంచిదేనన్నాడు. అన్నవాడు, సాంచాలు పోయిన ఆ గదిలో నేల మీది నూనె మరకలకు ఎదురుగా కూర్చుని మళ్ళీ లేవలేదు.

లేవలేదంటే పెరట్లోకి పోయి వస్తాడు. పిలిస్తే రెండు ముద్దలు తింటాడు. పిలవకపోతే అదీ లేదు. ఏమడిగినా "ఏం లేదు" అంటాడు. తాగుతాడా అంటే తాగడు. తాగితే అదొక పేరు ఉండేది, నలుగురిలో తిట్టుకోవడానికి వీలుండేది. ఊరు బద్దకమంది. చంద్రవ్వ కూడా బద్దకమే అంది, ఊరి కంటే ఎక్కువసార్లు అంది. మెడలో తాయెత్తు కట్టించింది. కొండగట్టుకు తీసుకుపోయి మొక్కు మొక్కింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇంటి సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. కానీ బీడీలు చుట్టేటప్పుడు, ఒళ్ళో చాట పెట్టుకుని చేతులు వాటంతటవే ఆడుతున్నప్పుడు, ఆమె మనసులో ఒకటే కోరిక. ఈ మనిషి లేచి, చెప్పులు తొడుక్కుని, ఒక్కసారి వీధి మొగదల దాకా పోయి రావాలి. అంతే. అంతకు మించి ఆమె ఏ దేవుడినీ ఏమీ అడగలేదు.

షూటింగు ఆ గదిలోనే పెట్టాడు రంజిత్. నూనె మరకల గోడ చాలా సింబాలిక్‌గా ఉందట. కరీంనగర్ నుంచి లక్ష్మణ్ అనే హీరోను పిలిపించాడు. మూడు షార్ట్ ఫిల్ముల్లో చనిపోయిన అనుభవం ఉన్నవాడు. తెల్ల లాల్చీ వేసుకుని వచ్చి, "అన్నా, కన్నీళ్ళు ఏ కంట్లకెల్లి రావాలె? కుడి కన్నయితే జెల్ది వస్తయి" అని అడిగాడు. బ్లెస్సీ కిటికీ పక్కన నిలబడి ఆ హీరోను చూసి, ఫోన్ వైపు చూపు తిప్పుకుంది.

"బాపూ, జర ఫ్రేమ్‌ల నుంచి జరుగు."

సాంబయ్య జరిగాడు.

"ఇంకొంచెం బాపూ. నీ మోకాలు వస్తున్నది."

సాంబయ్య మోకాలు ముడుచుకున్నాడు. అట్లా జరిగి జరిగి మూలకు చేరాడు. టైం తెలియక తొందరగానే బయల్దేరిన చంద్రవ్వ, "ఆయన్నన్న ఒక తీరుగ కూసోనియ్యి రా" అని చెప్పి, బీడీల సంచి చంకన పెట్టుకుని కార్ఖానాకు పోయింది.

తిరిగొస్తుంటే సందు మలుపులోనే ఏడుపు వినిపించింది. ఆడగొంతు. రాగం తీసి ఏడుస్తోంది.

"ఓ సాంబన్నా... గింత జెల్ది పోతివానే సాంబన్నా... చంద్రిని ఒక్కదాన్ని చేసి పోతివానే..."

చంద్రవ్వ చేతిలోంచి సంచి జారిపోయింది. గోడ పట్టుకుని రెండడుగులు వేసింది. పొద్దున ఆయనకు చాయ్ ఇచ్చానా లేదా అన్నది గుర్తుకు రాలేదు. ఇవ్వలేదేమో. ఇవ్వకుండానే పోయానేమో. పరుగెత్తింది.

వాకిట్లో విస్తరాకు మీద అన్నం, దాని మీద ఉడికిన గుడ్డు. విస్తరి ముందు తెల్లబట్టల కుర్రవాడొకడు మోకాళ్ళ మీద కూలబడి కుడి కంట్లోంచి ఏడుస్తున్నాడు. గోడ మీద రెండు కాకులు. రంజిత్ కెమెరా పట్టుకుని వంగి ఉన్నాడు. ఈ రోజుల్లో చావులక్కూడా వీడియో తీయిస్తున్నారు కదా. గేటు దగ్గర పక్కింటి కమలవ్వ గుండెలు బాదుకుంటోంది. ఆమె వెనక ఇంకో ఇద్దరాడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

చంద్రవ్వ వాళ్ళందరినీ తోసుకుని గదిలోకి పోయింది. మూలన సాంబయ్య మోకాళ్ళు ముడుచుకుని, ఎట్లా వదిలిపోయిందో అట్లాగే కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప కూడా పడింది.

ఆమె ఆయన భుజం తాకి చూసి, వాకిట్లోకి తిరిగింది. అప్పుడు పేలింది.

"ఎవలు సచ్చిండ్రని పిట్టకు పెట్టినవ్ రా?"

మనిషి పోయిన మూడోనాడు, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి కాకి కోసం ఎదురు చూడడాన్ని ఇక్కడ పిట్టకు పెట్టడమంటారు. పుట్టినప్పటి నుంచి ఈ ఊళ్ళోనే పెరిగిన రంజిత్‌కు ఆ సంగతి తెలియక కాదు. కెమెరా చేతికొస్తే వాడికి ఊరు గుర్తుండదు.

"అవ్వా, కాకి కోసం పెట్టిన. కాకి అంటే మనసుల చీకటి..."

"నీ మనసుల చీకటి మన్నువడ! సంసారి ఇంట్ల, మనిషి బతికుండంగ వాకిట్ల పిండం పెడతవా? ఆ గుడ్డు ఎవలిది? నా గుడ్డేనా?"

హీరో లక్ష్మణ్ కన్నీళ్ళు తుడుచుకుని మెల్లగా లేచి విస్తరి వెనక్కి జరిగాడు. కాకుల్లో ఒకటి ఇదే అదునని గుడ్డు తన్నుకుపోయింది. అంతసేపూ ఆ కాకి కోసమే ఎదురుచూసిన రంజిత్, అది వచ్చిన క్షణంలో కెమెరా దించి తల్లి మొహం చూస్తున్నాడు.

ఇంతలో కమలవ్వ గడప దాకా వచ్చి లోపలికి తొంగిచూసింది. సాంబయ్య ఆమె వైపు చూశాడు. కమలవ్వ కెవ్వుమని అరిచి గడప మీదే కూర్చుండిపోయింది.

"ఓ దేవుడో! కూసునే ఉన్నడు!"

"కమలక్కా, నీకు నోరు ఊకుండదా? ఎవలన్న చెప్పిండ్రా నీకు ఆయన పోయిండని?" చంద్రవ్వ అడిగింది.

"చెప్పుడెందుకే చంద్రీ? అన్నం విస్తరి కనవడె, ఏడ్సేటోడు కనవడె." కమలవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ ఆయన్నేమో నేను చూసి రెండు నెలలాయె. గడప దాటంగ చూస్తే ఒట్టు. మొన్ననే పోయిండేమో, నాకు కబురు చెప్పలేదేమో అనుకున్న. నువ్వు కోపానికి రాకు. కోపానికొచ్చినా ఉన్నమాటే."

చంద్రవ్వ ఆమె మీదికి పోబోతుంటే మూలలోంచి సాంబయ్య గొంతు వినిపించింది. మెల్లగా, కోపం లేకుండా అన్నాడు.

"ఆమెనెందుకంటవ్. ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది."

నవ్వబోయినవాళ్ళు నవ్వలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కమలవ్వ పోతూ పోతూ జారిపోయిన బీడీల సంచి ఏరి తెచ్చి గడప మీద పెట్టింది. బ్లెస్సీ మాత్రం కిటికీ దగ్గర నుంచి కదలకుండా సాంబయ్యనే చూస్తోంది. కాసేపటికి వంటింట్లోకి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని చాయ్ పెడుతున్న చంద్రవ్వ పక్కన కింద కూర్చుంది.

"పెద్దమ్మా, పెద్దబాపు ఎప్పటి సంది గిట్లున్నడు?"

"ఎట్లున్నడు? మంచిగనే ఉన్నడు. జర బద్దకం."

"రాత్రి పండుకుంటడా?"

చంద్రవ్వ చెంచా ఆపింది. "పండుకోడు. రెండింటికో మూడింటికో లేచి కూసుంటడు. నేను లేస్తే కండ్లు మూసుకుంటడు."

"అన్నం?"

"పెడితే తింటడు. ఉప్పు ఎక్కువైనా తింటడు, ఉప్పు లేకున్నా తింటడు. ముందుగాల ఉప్పు తక్కువైతే తల్లె ఇసిరేసేటోడు." అది చెబుతుంటే ఆమెకు ఆ పళ్ళెం చప్పుడు వినాలనిపించింది.

"తానం?"

"పోట్లాడాలె."

బ్లెస్సీ తల ఊపింది. "నేను గట్లనే ఉంటి పెద్దమ్మా. ఏడు నెలలు. మా అమ్మ తలుపు ముంగట తల్లె పెట్టి పోయేది. అందరు బద్దకమన్నరు. మా చర్చిలనైతే ప్రార్థన తక్కువైందన్నరు, ఉపవాసం ఉండమన్నరు. నేను ముందే తింటలేకపోతి, ఇంకేం ఉపవాసం?" అని కొంచెం నవ్వింది. "ఆఖరుకు మా మేనత్త కరీంనగర్ల డాక్టర్ దగ్గరికి తోల్కపోయింది. గోలీలిచ్చిండ్రు, మాట్లాడిండ్రు. అది బద్దకం కాదు పెద్దమ్మా. దానికి పేరున్నది. రంజితన్న పొద్దటి సంది దేవులాడుతున్నది దాన్నే."

చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. చంద్రవ్వ దించలేదు. ఏడాదిగా తను ఆ మనిషిని అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. గోడకు పుట్టిన మనిషివా అంది. నీ కంటే ఆ సాంచాలు నయం, అమ్మితే ఇనుమన్నా వచ్చింది అంది. అది అన్నప్పుడు ఆయన ఆమె వైపు చూసి, "అవు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆమెకు అరవాలనిపించలేదు.

రంజిత్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"సంకల పిల్లను వెట్టుకొని సంతంత దేవులాడినవ్ రా" అంది చంద్రవ్వ, కొడుకును కాదు తనను తాను తిట్టుకుంటున్నట్టు. "బోథ్ దాక పోయినవ్. నిర్మల్ దాక పోయినవ్."

రంజిత్ కెమెరా తెరిచి పొద్దున్నుంచి తీసినవి చూశాడు. ముందర లక్ష్మణ్ గుండె పట్టుకుంటున్నాడు, జుట్టు పీక్కుంటున్నాడు, ముళ్ళు లేని గడియారం వైపు చెయ్యి చాస్తున్నాడు. వెనక, అంచున, ఎంత జరిపినా ప్రతి దాంట్లోనూ ఒక మోకాలో, ఒక భుజమో, ఒక సగం మొహమో ఉంది. ఏమీ చేయడం లేదు. ఒక్కసారి చూశాక ఇక లక్ష్మణ్ వైపు చూపు పోదు.

"బాపును జరుగు జరుగు అన్న" అన్నాడు రంజిత్. వాడి రెండు కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

చాయ్ గ్లాసు తీసుకుపోయి బ్లెస్సీ సాంబయ్య ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. పలకరింపులేం పెట్టుకోలేదు.

"పెద్దబాపూ, నాకు మనసు బాగలేనప్పుడు ఎట్లుండెనో వీడియోల చూపెట్టాలె. గడియారం తెచ్చిండు, అద్దం తెచ్చిండు, కాకిని తెచ్చిండు. ఒక్కటి కూడ కుదురలే. నువ్వేం పెడతవ్?"

ఏం లేదు అంటాడేమోనని చంద్రవ్వ గుమ్మంలో ఆగి చూసింది. ఆయన నూనె మరక మీద వేలితో నిలువుగా ఒక గీత గీశాడు.

"సాంచా ఉంటది గద బిడ్డా. అడ్డం పోయేటి పేక పోగు తెగితే, సాంచా దానంతట అదే ఆగుతది. అందరికి తెలుస్తది." ఆగాడు. మాటలు ఎక్కడో పెట్టి మరిచిపోయి వెతుక్కుంటున్నవాడిలా ఉన్నాడు. "నిలువు పోగు, పడుగు పోగు తెగితే ఆగది. నడుస్తనే ఉంటది. మోత అదే మోత. బట్ట వస్తనే ఉంటది. కాని అండ్ల ఒక పోగు ఉండది, పొడుగూత గీత వడుతది. దగ్గర నిలవడి కంటితోని చూసినోనికే తెలుస్తది."

ఇంతే అన్నాడు. ఏడాదిలో ఆయన ఇన్ని మాటలు ఒక్కసారే అనడం అదే మొదలు. బ్లెస్సీ రంజిత్ వైపు తిరిగింది. "అన్నా, గిదే కావాలె. ఇంకేం వద్దు" అంది.

మరునాడు పొద్దున అందరూ బుచ్చిరాములు సాంచాల షెడ్డుకు పోయారు. నాలుగు వీధుల అవతల ఇంకా మోత మోగుతున్నది ఆ షెడ్డే. వీధి మొగదల దాకా సాంబయ్య ఎట్లా వచ్చాడో చంద్రవ్వకు సరిగ్గా తెలియదు. చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. బ్లెస్సీ పద అంది. ఆయన లేచాడు, అంతే. సందులో కమలవ్వ బకెట్టు పట్టుకుని నిలబడిపోయి, కళ్ళు పెద్దవి చేసి చూసి, ఈసారి మాత్రం నోరు మూసుకుంది.

బుచ్చిరాములుకు మొదట విషయం ఎక్కలేదు. "ఏందిరా, కావాలని పోగు తెంపుతవా? మంచి బట్ట ఖరాబు జేస్తవా?"

"కాకా, ఒక్క గజం. గా గీత వడ్డది కెమెరాల కనవడాలె. ఒక్క నిమిషం నడిస్తే చాలు."

"నా పనోళ్ళు చెయ్యరు. చెయ్యి కట్టేసినా చెయ్యరు."

"మా బాపు నడుపుతడు."

సాంబయ్యను సాంచా ముందు నిలబెట్టారు. హ్యాండిల్ ఎక్కడుందో చూడనవసరం లేకుండానే చేతికి దొరికింది. సాంచా మోత మొదలైంది. రంజిత్ కెమెరా వంచి, కత్తెరతో ఒక్క నిలువు పోగు తెంపాడు. సాంచా ఆగలేదు. బట్ట వస్తూనే ఉంది. వస్తున్న బట్టలో వెంట్రుకంత సన్నటి గీత మొదలైంది.

"సూపర్ బాపూ, గట్లనే, గట్లనే..."

టక్‌మని సాంచా ఆగింది. సాంబయ్య చెయ్యి హ్యాండిల్ మీద ఉంది. ఇంకో చెయ్యి అప్పటికే తెగిన కొస పట్టుకుని, కొత్త పోగు ముక్క ముడేసి, దువ్వెన పళ్ళలాంటి పన్నెలోంచి లాగేస్తోంది.

"బాపూ! ఆపద్దు అన్న గద. ఒక్క నిమిషం."

"ఆఁ, ఆఁ" అన్నాడు సాంబయ్య.

రెండోసారి పోగు తెంపారు. ఎనిమిది సెకన్లకు ఆపి ముడేశాడు. మూడోసారి ముందే ఒట్టు వేయించుకున్నారు. కొడుకు మీద ఒట్టు. ఐదు సెకన్లకే ఆగింది. నాలుగోసారి, ఈ గోల చూడడానికి చుట్టూ చేరిన పనివాళ్ళలో ఒకడు, కళ్ళు మూసుకుని నడపమని సలహా ఇచ్చాడు. సాంబయ్య కళ్ళు మూసుకున్నాడు. ఏం పసిగట్టాడో ఏమో, ఆగనే ఆగింది. బుచ్చిరాములు పడీ పడీ నవ్వుతున్నాడు. "నేను చెప్పలేనా? నేను చెప్పలేనా?" అని అందరినీ అడుగుతున్నాడు. హీరో లక్ష్మణ్ పత్తి నలుసులకు ముక్కులోంచి నీరు కారి, గ్లిజరిన్ లేకుండానే రెండు కళ్ళా ఏడుస్తున్నాడు గానీ వాడిని చూసేవాళ్ళు లేరు.

ఐదోసారీ ఆగింది. రంజిత్ తల పట్టుకున్నాడు.

"బాపూ, నీ కాళ్ళు మొక్కుత. ఒక్క నిమిషం చేతులు కట్టుకొని ఊకుండరాదే?"

సాంబయ్య ముడి బిగించి, కొడుకు వైపు తిరిగాడు. చాలా రోజుల తరువాత ఆ మొహంలో చిరాకు కనిపించింది. ఉప్పు తక్కువైనప్పటి చిరాకు.

"తెగిన పోగును చూసుకుంట ఎట్ల ఊకుంటర్రా?"

షెడ్డులో మిగతా సాంచాలు మోగుతూనే ఉన్నాయి. ఈ సాంచా చుట్టూ ఉన్నవాళ్ళకు మాత్రం ఆ మోత వినబడలేదు. చంద్రవ్వ జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చింది. అంత మోతలోనూ ఆమె అరవలేదు. దగ్గరికి, ఆయన చెవి దగ్గరికి వచ్చి చెప్పింది.

"మేము ఊకున్నం గదయ్యా. ఏడాది సంది చూసుకుంట ఊకున్నం."

ఆమె చెయ్యి పోగుల మీద పడబోతుంటే సాంబయ్య పట్టుకుని పక్కకు తీశాడు. తీసినవాడు వదలలేదు. బ్లెస్సీ మెల్లగా రంజిత్ చెయ్యి తట్టింది. వాడు కెమెరా ఆపలేదు. ఐదుసార్లూ ఆపలేదు. ఐదుసార్లు తెగిన పోగూ, ఐదుసార్లు వేసిన ముడీ అందులో ఉన్నాయి.

పాటలో చివరికి మిగిలింది అదే. పద్దెనిమిది వస్తువుల్లో ఒక్కటీ లేదు. లక్ష్మణ్ వీపు మాత్రం నాలుగు సెకన్లు వచ్చింది. ఆ వీపు తనదేనని వాడు స్నేహితులకు గుర్తులు చెప్పుకుంటున్నాడట.

ఆ తరువాతి మంగళవారం బ్లెస్సీని తోడు తీసుకుని కరీంనగర్ ఆస్పత్రికి బయల్దేరారు. బస్సు టైము చూడడానికి చంద్రవ్వ గోడ వైపు చూసి, ముళ్ళు లేని గడియారాన్ని చూసి, కొడుకును తిట్టి, కమలవ్వను టైం అడిగి వచ్చింది. కమలవ్వ టైముతో పాటు రెండు ఉడికిన గుడ్లు కూడా ఇచ్చింది. ఎందుకని అడిగితే, "ఆయనకే పెట్టు, బతికున్నోళ్ళకు పెట్టరాదా ఏంది" అంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఏమైందని సాంబయ్యను అడిగింది. ఆయన నేల చూశాడు. ఇక తప్పదని చంద్రవ్వ అందుకుంది. రెండు రోజులుగా మనసులో వరుస పెట్టుకున్నది నిద్ర సంగతి, అన్నం సంగతి, సాంచాల సంగతి. తీరా నోరు తెరిస్తే ఒకటే మాట వచ్చింది.

"పడుగు పోగు తెగింది మేడం."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. బ్లెస్సీ వైపు చూసింది. బ్లెస్సీ చెప్పబోతుండగా సాంబయ్య తల ఎత్తాడు. ఆయన గొంతు సన్నగా ఉంది గానీ, పని తెలిసినవాడు పని గురించి చెప్పే గొంతు.

"ఒక్కటే పోగు మేడం" అన్నాడు. "మావోళ్ళు చూసిండ్రు గద. ముడి వడుతది."